సమంగా నిలబడ్డ గుమ్మడికాయల తొట్టి

దొడ్డివలసలో ముగ్గురన్నదమ్ములుండేవారు. పెద్దవాడు పైడినాయుడు, నడిపివాడు తవిటినాయుడు, చిన్నవాడు దాలినాయుడు. తెలివిలో తమని మించినవాడు ఆ చుట్టుపక్కల ఇంకా పుట్టలేదని వాళ్ళ నమ్మకం. ఎంత నమ్మకమంటే, ఆ తెలివి కాస్తా గాలికి బయటికి పోయి ఊళ్ళోవాళ్ళ పాలవుతుందని ఇంటి కిటికీలు ఎప్పుడూ మూసే ఉంచేవారు. ఎండాకాలంలో ఉక్కపోతకి ముగ్గురికీ ఒళ్ళంతా చెమటకాయలు లేచేవి. అది తెలివి వేడి అనుకుని మురిసిపోయేవారు. ఎవరేం చెప్పినా చెప్పింది చెప్పినట్టు చేయడం వాళ్ళ పద్ధతి. ఒక్క ముక్క ఎక్కువా చేయరు, తక్కువా చేయరు. చిక్కంతా అక్కడే వచ్చింది.

వాళ్ళకి ఒక్కతే చెల్లెలు, సన్నెమ్మ. కొండకి అవతల నీలంపేటలో ఇచ్చారు. ఆమె అత్తగారు రావులమ్మ మనిషీ బరువే, మాటా బరువే. పొద్దున్నే లేచి కోడలి పుట్టింటివాళ్ళ తెలివి మీద ఒక మాట విసరకపోతే ఆవిడకి కాఫీ గొంతు దిగదు.

ఆ రావులమ్మ కొత్తిల్లు కట్టింది. గృహప్రవేశానికి ఊరంతటికీ భోజనాలు తలపెట్టింది. గుమ్మడికాయ దప్పళం లేకుండా ఆ వైపు ఏ విందూ జరగదు. కాయలు మా అన్నలు తెస్తారని సన్నెమ్మ నలుగురిలో అనేసింది. రావులమ్మ నవ్వింది. సరే తెమ్మను, మధ్యాహ్నం వడ్డన వేళకి కాయలు రాలేదో, మీ అన్నలు నా కొత్త గడప తొక్కకూడదు, నువ్వూ మళ్ళీ వాళ్ళ పేరు నా దగ్గర ఎత్తకూడదు అంది. సన్నెమ్మ ఒప్పుకుంది. ఒప్పుకుందే గాని గుండెల్లో రాయి పడింది. పాపం, ఆ పిల్లకి అన్నలంటే ప్రాణం. అన్నల సంగతి కూడా బాగా తెలుసు.

కబురు అందగానే అన్నలు పాదుల్లో ఉన్న కాయలన్నీ కోసేశారు. పక్కింటి మల్లేసు తన ట్రాక్టరూ, దాని వెనక హుక్కుకి తగిలించే రెండు చక్రాల తొట్టీ ఇచ్చాడు. తనే తోలుకెళ్ళాల్సింది, పంటి పోటుతో బుగ్గ పనసకాయంత అయింది. ఆ బుగ్గ పట్టుకునే నాలుగు మాటలు చెప్పాడు.

"ఒరే, ఇది రెండు సక్రాల తొట్టి. బరువు సానా బాగం సక్రాల మీద పడాల, కాస్త హుక్కు మీద పడాల. అంతా ఎనక్కేసేత్తే తొట్టి ముక్కు లేసిపోద్ది. అంతా ముందుకేసేత్తే ట్రాక్టరు ముందు సక్రాలు లేసిపోతాయి. ఇనబడిందా?"

ముగ్గురూ బుద్ధిగా తలూపారు. మల్లేసు నోట్లో లవంగం పెట్టుకోవడానికి ఇంట్లోకి వెళ్ళాడు. అంతే. మంచి కాయలు రెండు ఏరి, తొట్టి చక్రాల మీద అటొకటి ఇటొకటి నిలబెట్టి గడ్డితాడుతో కట్టారు. హుక్కు మీద కాస్త అన్నాడు కాబట్టి ఒక పిందె తెచ్చి హుక్కుకి వేలాడదీశారు. దాలినాయుడు ట్రాక్టరు కదిపాడు. చక్రం తిరిగింది, కాయలు చక్రం కిందికెళ్ళి పచ్చడైపోయాయి. కాయలు మెత్తగా ఉన్నాయి, గట్టివి పెడదాం అన్నాడు తవిటినాయుడు. గట్టివీ పెట్టారు. అవీ పోయాయి. ఇంకో రెండు ఎత్తుతుండగా మల్లేసు పరుగెత్తుకొచ్చి, పోటు మర్చిపోయి నోరారా తిట్టి, కాయలన్నీ తనే తొట్టిలో సర్దాడు. పెద్దవి చక్రాలకి సూటిగా మధ్యలో, చిన్నవి కాస్త ముందుకి. తర్వాత ఒక పళ్ళెంలో నీళ్ళు పోసి తొట్టిలో పెట్టాడు. నీళ్ళు ఏ పక్కకి పోతే ఆ పక్క బరువెక్కువైనట్టు, నిలకడగా ఉంటే తొట్టి సమంగా ఉన్నట్టు, చూసుకోండి అని చెప్పి పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళిపోయాడు.

అతను చూసుకోమన్నది బయలుదేరే ముందు, చదునైన నేల మీద, ఒక్కసారి. ఆ సంగతి విడిగా చెప్పాలని ఆ పోటులో అతనికి తట్టలేదు.

అన్నదమ్ములు బయలుదేరారు. దాలినాయుడు తోలుతున్నాడు. తవిటినాయుడు తొట్టిలో కూర్చుని పళ్ళేన్నే చూస్తున్నాడు, రెప్ప కూడా వేయడం లేదు. పైడినాయుడు పెద్దవాడు కాబట్టి పని లేకుండా కూర్చున్నాడు. ఊరు దాటగానే దిగుడు వచ్చింది. పళ్ళెంలో నీళ్ళు ముందుకి పోయాయి. ఆపరా అన్నాడు తవిటినాయుడు, ముందు బరువెక్కువైంది. ఇంకేముంది, దిగుడు మధ్యలో బండి ఆపి కాయలన్నీ మోసి వెనక చివర పేర్చారు. నీళ్ళు మాత్రం ఇంకా ముందుకే చూస్తున్నాయి. ఇంక మోయడానికి కాయల్లేవు కాబట్టి అలాగే పోనిచ్చారు.

దిగుడంతా ఎలాగో జారుకుంటూ వచ్చారు. చదును రాగానే తొట్టి ముక్కు పైకి తన్నింది. దాంతోపాటు ట్రాక్టరు వెనక భాగం కూడా లేచింది. పెద్ద చక్రాలు గిర్రున తిరుగుతున్నాయి, బండి మాత్రం అంగుళం కదలదు. ఎంత జోరుగా వెళ్తున్నామో చూడండి అని దాలినాయుడు సంబరపడ్డాడు. పక్కనున్న తుమ్మచెట్టు ఎంతసేపటికీ పక్కనే ఉండేసరికి, ఇది కూడా మనతో వస్తోందేమిటా అని కాస్త అనుమానపడ్డాడు.

తవిటినాయుడు ఆలోచించాడు. హుక్కు మీద కాస్త ఉండాలన్నాడు కదా మల్లేసు, ఆ కాస్తా లేదు, అదీ సంగతి అన్నాడు. పైడినాయుడు పని లేకుండానే ఉన్నాడు. వెళ్ళి హుక్కు మీద గొంతుక్కూర్చున్నాడు. అతను గట్టి మనిషే, చక్రాలు నేలకి ఆనాయి. బండి కదిలింది. తమ తెలివికి తామే ముచ్చటపడ్డారు ముగ్గురూ.

తర్వాత కొండ ఎక్కుడు. నీళ్ళు వెనక్కి పోయాయి. ఆపరా అన్నాడు తవిటినాయుడు. కాయలన్నీ మళ్ళీ ముందుకి మోశారు. పైడినాయుణ్ణి మాత్రం హుక్కు మీంచి దిగనివ్వలేదు, అక్కడ ఉండాల్సిన ఆ 'కాస్త' అతనే కదా. ఇంకేముంది, ట్రాక్టరు ముందు చక్రాలు గాల్లోకి లేచి, ఆకు కోసం ముందుకాళ్ళెత్తిన మేకలా నిలబడింది. దాలినాయుడికి ఎదురుగా ఆకాశం తప్ప ఏమీ కనపడలేదు. అన్నా, రోడ్డు పైకెల్లిపోయింది, మనమూ ఎల్దామా అని అడిగాడు.

మేకలు కాచుకుంటున్న ముసలమ్మ ఒకామె అది చూసి, ముందు ఆ హుక్కు మీదవాణ్ణి దిగమని మొత్తుకుంది. పైడినాయుడు దిగాడు. ముందు చక్రాలు ధబ్బున కింద పడ్డాయి, పళ్ళెంలో నీళ్ళన్నీ ఒలికాయి. నీళ్ళు లేకపోతే సమం ఎలా తెలుస్తుంది? తవిటినాయుడు పళ్ళెం పట్టుకుని వాగు దాకా దిగి నింపుకొచ్చాడు. దారిలో సగం ఒలికిందని మళ్ళీ వెళ్ళాడు. ఆ తర్వాత కొండదారంతా అదే వరస. ఎక్కుడొస్తే కాయలు ముందుకి, దిగుడొస్తే కాయలు వెనక్కి. రోడ్డు మీద తొట్టి నడిచిన దూరం కంటే తొట్టిలో కాయలు నడిచిన దూరమే ఎక్కువ.

అక్కడ నీలంపేటలో పొద్దు నడినెత్తికొచ్చింది. అన్నం వార్చేశారు. గుండిగలో చింతపండు పులుసు ముక్కల కోసం ఎదురుచూస్తూ మరుగుతోంది. ఆకులు పరవమంటారా అని వంటాయన రెండుసార్లు అడిగాడు. సన్నెమ్మ గడపకీ వీధికీ మధ్య తిరుగుతోంది. రావులమ్మ ఆమెనే చూస్తోంది. ఊరికే నవ్వుతోంది, అదే ఎక్కువగా గుచ్చుకుంది.

సరిగ్గా అప్పుడే తొట్టి ఊరి మొగలో ఉన్న కళ్ళంలోకి వచ్చింది. నూర్పుళ్ళ కోసం అలికి చదును చేసిన నేల అది. కాయలు కూడా అప్పటికి, మోసి మోసి ఓపిక లేక, మధ్యలోనే ఆగిపోయి ఉన్నాయి. తవిటినాయుడు పళ్ళెంలోకి చూశాడు. నీళ్ళు అటూ పోలేదు, ఇటూ పోలేదు. అతని కళ్ళు చెమర్చాయి.

పైడినాయుడు గొంతు తగ్గించి అన్నాడు, "ఇదేరా సమం. పొద్దున్నించీ దీనికోసరమే గదా అల్లాడిపోనాం. ఇంక కదిపేమంటే పాడైపోద్ది."

అంతే. తొట్టి ముక్కు కింద రాయి పెట్టి, హుక్కు పిన్ను పీకేసి, గుమ్మడికాయల తొట్టిని కళ్ళంలోనే వదిలేశారు. రుజువు ఉండాలి కాబట్టి పళ్ళెం మాత్రం తీసుకున్నారు. ఒట్టి ట్రాక్టరు మీద నత్తలా వచ్చి గడప ముందు ఆగారు. పైడినాయుడు పళ్ళెం రెండు చేతులా పట్టుకుని చెల్లెలికి అందించాడు.

"ఒక్క సుక్క ఒలకనేదమ్మీ, సూసుకో."

సన్నెమ్మ పళ్ళెంలోకి చూసింది. ట్రాక్టరు వెనక చూసింది. కాయలేవన్నా అని అడిగింది. అవి కళ్ళంలో సమంగా ఉన్నాయి, కదపకూడదు అన్నారు ముగ్గురూ. ఆమెకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు, ఏడుపే వచ్చింది. రావులమ్మ పకపకా నవ్వి, మీరు గడప అవతలే ఉండండి నాయనా, తెలివంటే ఎలా ఉంటుందో నేను చూపిస్తాను అని వంటాయన్నీ, చుట్టాలందర్నీ వెంటబెట్టుకుని కళ్ళానికి నడిచింది. గుండిగలూ పొయ్యి రాళ్ళూ కూడా అక్కడికే తెమ్మంది.

వంటాయన అందుబాటులో ఉన్నవి కదా అని తొట్టి ముందువైపు కాయలు దింపాడు. ముక్కు రాయి మీంచి చటుక్కున లేచింది, వెనక తట్టు నేలకి కొట్టుకుంది, వంటాయన పాదం వెంట్రుకవాసిలో తప్పించుకుంది. ఇంతేనా మీకు తెలిసింది, ముందు ఎవరైనా బరువైనవాళ్ళు కూర్చోవాలి అంది రావులమ్మ. అందరూ ఆవిడ వైపే చూశారు. ఆవిడ చీర సవరించుకుని తొట్టెక్కి ముందు కూర్చుంది. ముక్కు దిగింది. చూశారా అంది.

ఈసారి వంటాయన వెనక కాయలు దింపాడు. ముక్కు రాయికి ధడాలున తగిలి ఆవిడ నడుం కలుక్కుమంది. వెనక ఎవరైనా ఎక్కండర్రా అని అరిచింది. మరిది ఎక్కాడు. మళ్ళీ ముందువి దింపితే తోటికోడలు ఎక్కింది. ఇంకేముంది, ఒక కాయ దిగడం, ఒక చుట్టం ఎక్కడం. ఆఖరి కాయ దిగేసరికి తొట్టి నిండా చుట్టాలే, గాలి కూడా గట్టిగా పీల్చకుండా కూర్చున్నారు. ఒక్కరు దిగినా రెండో పక్క కూలబడుతుందని రావులమ్మే ఎవర్నీ కదలనివ్వలేదు.

దప్పళం ఉడికింది. చుట్టాలంతా తొట్టిలో ఉండిపోయారు కాబట్టి, ఉప్పుకనీ, ఆకులకనీ, గరిటెకనీ అన్నలు ముగ్గురూ కొత్త గడప తొక్కుకుంటూ ఎన్నిసార్లు లోపలికీ బయటికీ తిరిగారో లెక్కలేదు. రావులమ్మ తొట్టి మీంచి చూస్తూ పళ్ళు కొరుక్కోవడం తప్ప ఏమీ చేయలేకపోయింది. సన్నెమ్మ కళ్ళు తుడుచుకుని, నవ్వు ఆపుకుంటూ అత్తగారికి అక్కడికే ఆకు అందించింది. వంట అదిరింది. ఆవిడ మారు వడ్డించమని చెయ్యి చాచింది.

పైడినాయుడు మర్యాదగా అడ్డం వచ్చాడు. "వద్దత్తా. హుక్కు పక్క కాస్తే ఉండాల."

పొద్దు వాలుతోంది. ఇక దించమని ఆవిడ బతిమాలింది. దించాలంటే ఆవిడ చోట ఆవిడంత బరువు పెట్టాలి, పెడదామంటే కాయలన్నీ తినేశారు. ముగ్గురూ తలలు దగ్గర పెట్టుకుని ఆలోచించారు. అత్తా, బెంగపడకు, మళ్ళీ గుమ్మడికాయలు తెచ్చి నిన్ను దించుతాం అని మాటిచ్చి ట్రాక్టరెక్కి దొడ్డివలస బయలుదేరారు. తొట్టి ఖాళీ లేదు కాబట్టి, తొట్టి లేకుండానే వెళ్ళారు.