గుంటకు సరిపడా గడువు

వీరాచార్యులుగారిని ప్రశ్న అడగదలచినవాడు ముందు పంచె ఎగ్గట్టుకుని వెళ్ళాలని మంగళగిరిలో ఆయన శిష్యులందరికీ తెలుసు. ఆయన జవాబు చెప్పరు, పని చెబుతారు. మనసు నిలవడం లేదని వెళ్ళినవాడి చేతికి చేద ఇచ్చి, తొణక్కుండా నీళ్ళు తోడమన్నారు. అన్నదమ్ములతో పడటం లేదని వాపోయినవాడిచేత చిక్కుపడిన మోకుతాడు విప్పించారు. వాళ్ళకు జవాబులు దొరికాయో లేదో గానీ, శిష్యుల సందేహాల పుణ్యమా అని ఆయన పెరడు మాత్రం ఏడాది పొడుగునా పచ్చగా ఉండేది.

అటువంటి గురువు దగ్గరికి ఆషాఢం మొదట్లో ఒక సాయంత్రం పానకాలరావు వచ్చి, పదిమందిలో లేచి నిలబడి అడిగాడు.

"గురువుగారూ, ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు గడువెంత పెట్టాలండీ? అడ్వాన్సు ఎంత తీసుకోవాలండీ?"

అరుగుమీద కూర్చున్నవాళ్ళు గొల్లుమన్నారు. అంతకు ముందే ఒక పెద్దాయన, ప్రాణం పోయేటప్పుడు జీవుడు ఈ దేహాన్ని ఎలా విడిచిపెడతాడని గంభీరంగా అడిగి ఉన్నాడు. దాని వెనకాలే ఈ అద్దె కొంపల గోల వచ్చి పడింది. వీరాచార్యులుగారు మాత్రం నవ్వలేదు.

"నవ్వుతారేందయ్యా? ఇందాక ఆయన అడిగిందీ ఖాళీ చేసే సంగతేగా? కూచో పానకాలూ, నీ గొడవేందో చెప్పు" అన్నారు.

పానకాలరావు బస్టాండులో కంట్రోలరుగా చేసి రిటైరయిన మనిషి. ముప్పై ఏళ్ళు బస్సుల్ని చేతి గడియారం చూసి పంపినవాడు కాబట్టి, ఇప్పుడు ఇంట్లో కాఫీ కూడా గడియారం చూసే తాగుతాడు. తానుండే ఇంటి వెనక ఆయనకో పెంకుటిల్లు ఉంది. అందులో వెనకటికి ఒకడు ఏడాది ఉంటానని దిగి, పొమ్మంటే పోకుండా ఏళ్ళూ పూళ్ళూ గడిపి, చివరికి పోతూ పోతూ ఫ్యానుతో పాటు బల్బు హోల్డర్లు కూడా ఊడబెరుక్కుపోయాడు. ఆ దెబ్బతో పానకాలరావు ఆ ఇంటికి తాళం వేశాడు. తాళం వేసిన ఇల్లు ఊరుకుంటుందా? చెదలు పట్టింది, వాసాలు వంగాయి. కొంప పాడుబడిపోతోందని భార్య తులశమ్మ పోరగా పోరగా తాళం తీశాడు గానీ, షరతులు మాత్రం ఉక్కుతో పోత పోసినట్టు చేశాడు. గడువు పదకొండు నెలలు, ఆపైన ఒక్కరోజు లేదు. అడ్వాన్సు పది నెలల అద్దె. గోడకు మేకు కొట్టరాదు.

ఆ షరతులు విని వచ్చినవాళ్ళంతా వచ్చిన దారినే పోయారు. భావనారాయణ ఒక్కడే పోకుండా నిలబడ్డాడు, ఎందుకంటే అతనికి వేరే దారి లేదు. అతను చేనేత పనివాడు. ఉంటున్న ఇంటిని దాని సొంతదారులు అమ్మేశారు, శ్రావణం రాగానే కొన్నవాళ్ళు వస్తారు. ఈ పెంకుటింట్లో వెలుతురుంది, మగ్గానికి చాలినంత జాగా ఉంది. అతనిది గుంట మగ్గం. నేలలో గుంట తవ్వి, కాళ్ళు అందులో పెట్టుకుని నేసేది. గోడకు మేకే వద్దన్న మనిషికి నేలలో గుంట అనేసరికి గుండె జారిపోయింది.

"కంట్రోలరు గారూ, గుంట తవ్వి, లోపల ఇటికతో కట్టి, చెమ్మంతా ఆరి, మగ్గం నా చేతికి అలవాటు పడేసరికే మీ గడువు సగం అయిపోద్దండీ" అన్నాడు భావనారాయణ నెమ్మదిగా. "మిగతా సగం మళ్ళీ ఇల్లెతుక్కోటానికి సరిపోద్ది. నూలు కొనే డబ్బంతా అడ్వాన్సు కింద మీకు పోస్తే, ఇంక నేను ఉత్త గుంటలో కాళ్ళేసుకుని కూచోవాలి."

పానకాలరావు మెత్తబడలేదు. శూన్యమాసంలో ఎటూ ఎవరూ ఇల్లు మారరు గనక, ఆషాఢం వెళ్ళేలోగా ఆలోచించుకుని చెప్పమన్నాడు. ఆలోచించడానికి ఏముంది, కుదరకపోతే మగ్గం విప్పి అమ్మేసి బెజవాడలో బట్టల కొట్టుకు కాపలాకి పోతానని చెప్పి భావనారాయణ వెళ్ళిపోయాడు. ఆ మాట పానకాలరావుకు అన్నం దగ్గర కూడా గుర్తొచ్చింది. అందుకే ఈ అరుగుదాకా వచ్చాడు.

అంతా విని వీరాచార్యులుగారు లేచారు. పెరట్లోకి తీసుకువెళ్ళి ఈశాన్యం మూల ఖాళీగా ఉన్న జాగా చూపించారు.

"ఇది నీకిచ్చాను. ఏం పండిస్తావో నీ ఇష్టం, పంటంతా నీదే. ఆషాఢం వెళ్ళేలోగా జాగా ఖాళీ చేసి నాకప్పజెప్పాలి."

"దానికేమండీ, అట్టాగే!"

"హామీ ఏమన్నా పెట్టాలిగా మరి. ఆ గడియారం ఇట్టా ఇవ్వు."

పానకాలరావు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అది రిటైరయిన రోజున డిపోవాళ్ళు సన్మానం చేసి ఇచ్చిన గడియారం. కానీ పదిమందీ చూస్తున్నారు, పైగా అడిగింది గురువుగారు. మనసు చంపుకుని విప్పి ఇచ్చాడు. ఆయన దాన్ని తీసుకెళ్ళి అరుగు దగ్గర గోడ మేకుకు, వచ్చేవాళ్ళకూ పోయేవాళ్ళకూ కనిపించేటట్టు తగిలించారు.

మర్నాడు పానకాలరావు ఆ జాగా దగ్గర నిలబడి లెక్క వేసుకున్నాడు. ఆషాఢం వెళ్ళేలోగా చేతికొచ్చేది ఏముంది? తోటకూర. పైపైన మట్టి గీరి విత్తులు చల్లాడు. గీరుతుంటే నేల కింద రాళ్ళు తగిలాయి, వాటి జోలికి పోలేదు. తేలిన నాలుగు రాళ్ళూ పక్క మడిలోకి విసిరేశాడు. ఎరువు వెయ్యడానికి చెయ్యి రాలేదు, వేస్తే ఆ సారమంతా తర్వాత వచ్చేవాడికేగా! గట్టు మీద ఒక నిమ్మమొక్క నీళ్ళు లేక వడిలిపోతూ ఉంది. చేతిలో ఉన్న చెంబెడు నీళ్ళు దానికి పొయ్యబోయి, ఇది నా జాగాలోది కాదని ఆగిపోయాడు. పొలం గట్టు మీద పుట్టి పెరిగినవాడు, మొక్క దగ్గర ఇంత పీనాసితనం తనకెప్పుడు వచ్చిందో ఆయనకే తెలియలేదు.

రోజూ వస్తూనే ముందు మేకు వైపు చూసేవాడు. గడియారం ఉందా, ఎవరన్నా కీ ఇస్తున్నారా, ఎండ తగులుతోందా. నీళ్ళు పోస్తున్నాడన్న పేరే గానీ చూపంతా అరుగు మీదే ఉండేది. తోటకూర కూడా ఆయన మనసు కనిపెట్టినట్టు, వెంట్రుకల్లాంటి కాడలతో బిత్తర చూపులు చూస్తూ లేచింది.

"ఏందండీ ఈ కూర? కట్టకి గుప్పెడు కూడా లేదు" అంది తులశమ్మ.

"ఎవరి నేలో అది. నేనేం చేసేది?" అన్నాడు పానకాలరావు విసుగ్గా.

ఆషాఢం చివరికొచ్చింది. ఒక పొద్దున్నే పానకాలరావు జాగా ఖాళీ చేసి గడియారం పుచ్చుకుపోదామని వచ్చాడు. వీరాచార్యులుగారు అప్పటికే పెరట్లో ఉన్నారు. గడియారం ఆయన చేతిలోనే ఉంది.

"ఇదుగో, పెట్టుకో" అని ఇచ్చారు. పానకాలరావు ప్రాణం లేచొచ్చింది.

"జాగా మీకు అప్పజెప్పినట్టేగా అండీ?"

"వద్దులే, అయిదేళ్ళు నువ్వే చేసుకో. కాయితం రాసిస్తా. హామీకి నీ భుజం మీది తువాలు ఆ మేకుకు తగిలించిపో."

"తువాలా? అంతే చాలా అండీ?"

"నువ్వు పొద్దున్నే లేవంగానే దాన్ని తలుచుకుంటావా?"

"తువాలుని ఎవడు తలుచుకుంటాడండీ!"

"అయితే పనికి అడ్డం రాదు. తగిలించు" అని ఆయన లోపలికి వెళ్ళిపోయారు.

పానకాలరావు తువాలు తగిలించి వచ్చి ఆ జాగాను మళ్ళీ చూశాడు. నిన్నటిదాకా చూసిన జాగాలా లేదది. అయిదేళ్ళు! అయిదేళ్ళంటే నిమ్మచెట్టు కాపుకొస్తుంది. ఈ మూల కరివేప పెట్టొచ్చు, ఆ పక్కన చిక్కుడు పందిరి వెయ్యొచ్చు. ముందు ఆ దిక్కుమాలిన రాళ్ళు తియ్యాలి. ఎవరూ చెప్పకుండానే గోడకు ఆనించి ఉన్న గునపం అందుకున్నాడు. పక్క మడిలోకి తానే విసిరిన రాళ్ళు ఏరి గోడవారకు మోశాడు. తవ్వాడు, రాళ్ళు పీకాడు, మళ్ళీ తవ్వాడు. చొక్కా విప్పేశాడు. అరవై దాటిన ఒంట్లో ఎక్కడ దాక్కుందో ఓపిక, ఉరకలేసుకుంటూ బయటికొచ్చింది. గొయ్యి మోకాళ్ళు దాటింది. నిమ్మమొక్కను ఇందులోకి మార్చి పెంటెరువు వేస్తే ఎట్లా ఉంటుందో తలుచుకుని ఒక్కడే నవ్వుకుంటున్నాడు.

"పానకాలూ!"

తలెత్తి చూశాడు. వీరాచార్యులుగారు గట్టు మీద నిలబడి ఉన్నారు.

"నా నేలలో గుంట తవ్వుతున్నావేందయ్యా?"

"చెట్టు పెడదామనండీ. అయిదేళ్ళు ఉండేదే గదా అని..."

ఆ మాట అంటూనే ఆగిపోయాడు. చేతిలో గునపం, మోకాళ్ళ దాకా మట్టి, పరాయివాడి నేలలో తవ్విన గుంట. ఆ గుంటలో నిలబడి ఉన్నది తాను. సిగ్గూ సంతోషమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. గునపం అక్కడే పడేసి, చొక్కా చంకన పెట్టుకుని, కాళ్ళు కూడా కడుక్కోకుండా స్కూటరు దగ్గరికి పరుగెత్తాడు.

ఆ అవతారంతో ఆయన స్కూటరు మీద పోతుంటే బజారంతా నిలబడి చూసింది. భావనారాయణ ఇంటి ముందు అప్పటికే ట్రాలీ ఆటో ఆగి ఉంది. మగ్గం విప్పి కర్రలన్నీ అందులోకి ఎక్కించారు. కొనడానికి వచ్చినవాడు తాడు బిగిస్తున్నాడు. భావనారాయణ అరుగు మీద గోడవైపు తిరిగి కూర్చున్నాడు. ఆటో వైపు చూడలేకపోతున్నాడు.

"తాడు విప్పండి!" అని కేక పెట్టాడు పానకాలరావు, స్కూటరు దిగీ దిగకముందే. "ఆ మగ్గం ఎక్కడికీ పోదు!"

"కంట్రోలరు గారూ, ఏందండీ ఆ మట్టి?" అంటూ లేచాడు భావనారాయణ.

"మట్టి సంగతి తర్వాత. అయిదేళ్ళు! రిజిస్టరు చేయిద్దాం, ఖర్చు చెరిసగం. గుంట తవ్వుకో."

భావనారాయణ నమ్మలేనట్టు చూశాడు. "అడ్వాన్సండీ?"

"నువ్వు పోయేనాడు ఆ గుంట పూడ్చి గచ్చు చెయ్యటానికి ఎంతవుద్దో అంత. మేస్త్రీని నువ్వే పిలువు, అతను ఎంత చెబితే అంతే. దానిపైన నాకు పైసా వద్దు. నూలు కొనుక్కో."

కొనడానికి వచ్చినవాడు కాసేపు గొణిగాడు గానీ, భావనారాయణ భార్య మంగమ్మ అప్పటికే ఆటో ఎక్కి తాడు ముడులు పళ్ళతో విప్పేస్తోంది. ఆవిడ ఏడుస్తోందో నవ్వుతోందో చూసేవాళ్ళకు తెలియలేదు. అతనిచ్చిన బయానా డబ్బు తిరిగి చేతిలో పెట్టేసరికి అతనూ నవ్వేసి, కర్రలు దించడానికి ఒక చెయ్యి వేశాడు.

శ్రావణంలో మంచి రోజు చూసి పెంకుటింట్లో పాలు పొంగించారు. గుంటకు గీత గీసి భావనారాయణ గునపం ఎత్తబోతే పానకాలరావు అడ్డం వచ్చాడు. మొదటి పోటు తనే వేస్తానని పట్టుబట్టి, తన సొంత ఇంటి గచ్చును తన చేత్తో పగలగొట్టాడు. పగిలిన చప్పుడుకు తులశమ్మ గుమ్మంలోంచి చప్పట్లు కొట్టింది.

"నేను నెత్తీ నోరూ కొట్టుకుని చెబితే వినలా. తోటకూర చెబితే విన్నారు!" అంది.

కార్తీకానికల్లా ఆ వీధి మారిపోయింది. తాళం వేసి, చెదలు పట్టి, చీకటి కొట్టులా పడి ఉన్న ఇంట్లోంచి పొద్దస్తమానం మగ్గం చప్పుడు వినిపించేది. భావనారాయణ వాసాలు మార్పించాడు, గోడలకు సున్నం కొట్టించాడు, పెరట్లో దబ్బచెట్టు పెట్టాడు. ఎవరూ అడగలేదు, చెప్పలేదు. మొదటి చీర మగ్గం దిగిన రోజు మంగమ్మ దాన్ని పళ్ళెంలో పెట్టి తెచ్చి తులశమ్మకు చూపించింది. మంగళగిరి నేతకు పేరు తెచ్చిన నిజాం జరీ అంచు ఎండలో ధగధగలాడింది. పానకాలరావు ఆ చీరను దారిన పోయేవాళ్ళందరికీ పిలిచి మరీ చూపించాడు. తానే నేసినంత గొప్పగా మీసం తిప్పాడు. గెలిస్తే అలాగే ఉంటుంది మరి, తప్పేముంది!

ఆ వారమే భావనారాయణ నేసిన కొత్త కండువా పట్టుకుని పానకాలరావు గురువుగారి దగ్గరికి వెళ్ళాడు. జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. అరుగు మీద ఈసారి ఎవరూ నవ్వలేదు. వీరాచార్యులుగారు కండువా భుజాన వేసుకుని, పెరట్లో పానకాలరావు తవ్విన గుంటలోకి మారి కొత్త చిగురేసిన నిమ్మచెట్టును ఒకసారి చూసి వచ్చారు. గోడ మేకుకు దుమ్ముకొట్టుకుని వేలాడుతున్న పాత తువాలు తీసి పానకాలరావుకు అందించారు.

"నువ్వు మంచి కౌలుదారువోయ్. నీ హామీ తీసుకో."

పానకాలరావు కంగారుగా రెండడుగులు వెనక్కి వేశాడు. "వద్దండీ, వద్దు. దాన్నక్కడే ఉండనివ్వండి. చెట్టింకా కాపుకు రాలా, నేనెక్కడికీ పోను."

వీరాచార్యులుగారు తువాలు మళ్ళీ మేకుకు తగిలించి అరుగు మీద కూర్చున్నారు.

"అడ్వాన్సు ఎంత తీసుకోవాలని అడిగావుగా. ఆ తువాలంత తీసుకో."