చుక్కమ్మ చేసిన ఫోను

కొండ కింద దొడ్డిలో పని మానేసిన పశువులు ఉండేవి. చుక్కమ్మ అనే ముసలి గేదె, కొమ్ములయ్య అనే ముసలి ఎద్దు, పళ్లూడిపోయిన మేక సోమక్క. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. మేత కావాలంటే అడవి సభను ఫోనులో అడగాలి. అడిగినవాళ్ల పేరు మీద లారీలో వస్తుంది. సభవాళ్లు అందరి మెడల్లోనూ ఫోన్లు కట్టారు గానీ, వాటిని వాడటం జంబన్న అనే నక్కకొక్కడికే తెలుసు. వారం వారం వచ్చి అన్నీ తనే నొక్కేవాడు. వచ్చిన మేతలో సగం ఎత్తుకుపోయి కుందేళ్లకు అమ్ముకునేవాడు.

సభ పెద్ద ఐరావతమ్మ అనే ఏనుగు. ఆవిడ ముసలివాళ్లకు ఫోను నేర్పించమని కొంత డబ్బు కేటాయించి, దాన్ని జంబన్న చేతికే ఇచ్చింది. జంబన్న దొడ్డికొచ్చి, "ఇది ఫోను. ఇష్టమొచ్చినట్టు నొక్కారంటే పేలుద్ది" అన్నాడు. పాఠం అయిపోయింది. ఆ డబ్బుతో తన బొరియలో కూలర్ పెట్టించుకున్నాడు.

కొన్నాళ్లకు, శిక్షణ ఎలా సాగుతోందో వీడియో కాల్‌లో చూస్తానని ఐరావతమ్మ కబురు చేసింది. జంబన్న పరుగున వచ్చాడు.

"ఆవిడతో, మా బుర్రలకు ఇవేం ఎక్కవమ్మా, ఆ డబ్బేదో జంబన్నకే ఇవ్వండి, మా పని అతనే చూసుకుంటాడు అని చెప్పండి. మీకెందుకత్తా ఈ వయసులో శ్రమ?"

"అదీ నిజమేలే" అన్నాడు కొమ్ములయ్య నెమరు వేస్తూ.

"నేను చెప్పను" అంది చుక్కమ్మ. "నా బుర్రకు ఎక్కదని చెప్పడానికి నువ్వెవడివిరా? ఎప్పుడు ఎక్కించి చూశావు?"

జంబన్న మొహం మాడ్చుకున్నాడు. "అయితే ఈ వారం నీ ఫోను నొక్కను. ఏం తింటావో తిను."

అన్నంత పనీ చేశాడు. చుక్కమ్మ కొట్టం మీద కప్పిన పాత తాటాకులు నమిలింది. సోమక్క తన వాటాలోంచి నాలుగు రెమ్మలు తెచ్చి ముందు పడేసి, "ఒక్క మాట అనేస్తే పోయేదిగా, వదినా" అంది.

"ఆ ఒక్క మాటతో మనందరి నోళ్లూ మూతపడతాయి" అంది చుక్కమ్మ.

సెల్ టవర్ మీద కాపురముండే కాకి కరాలమ్మను పిలిచి, నేర్పమంది. గిట్టతో నొక్కితే నాలుగు బొమ్మలు ఒకేసారి తెరుచుకున్నాయి. కొమ్ము కొనతో నొక్కితే ఫోను పలకలేదు. మూతితో తాకితే తడికి తెర అటూ ఇటూ జారింది.

"మూతి గడ్డికి తుడుచుకుని తాకు, అత్తా" అంది కాకి.

తుడుచుకుని తాకింది. ఒకే బొమ్మ తెరుచుకుంది. చుక్కమ్మ దొడ్డంతా అదిరేలా అరిచింది. ఆకలి కడుపుతోనే రోజూ అదే పని పెట్టుకుంది.

వీడియో కాల్ రోజు రానే వచ్చింది. కొమ్ములయ్య తిని కునుకు తీసే వేళ చూసి, జంబన్న తన ఫోను అతని మొహం ముందు పెట్టాడు.

"చూడండమ్మా, పాఠం మొదలెడితే చాలు, ఇలా గుర్రు పెడతారు."

"చుక్కమ్మ ఏదీ?" అంది ఐరావతమ్మ.

"ఆవిడకు మతి చలించిందమ్మా. అయ్యో, సిగ్నల్ పోతోంది!" అంటూ జంబన్న ఫోను కట్టేశాడు.

చుక్కమ్మ గబగబా మూతి తుడుచుకుంది. ఐరావతమ్మ బొమ్మను వెతికి తాకింది. తెర మీద తొండం కనబడింది.

"ఎవరూ?"

"చుక్కమ్మనమ్మా. సిగ్నల్ పోలేదు. నక్కే కట్టేశాడు."

"ఆ కాకి నొక్కి ఇచ్చిందమ్మా!" అని జంబన్న అరిచాడు.

"కాకి టవర్ మీదుంది, చూడండి" అంటూ చుక్కమ్మ మెడ తిప్పి చూపించింది. "అయినా నమ్మకం లేకపోతే..." అని, సభ పెద్ద మాట్లాడుతుండగానే ఫోను ఠక్కున కట్టేసింది. "అయ్యో, వదినా!" అంది సోమక్క. చుక్కమ్మ నింపాదిగా మళ్లీ మూతి తుడుచుకుని, మళ్లీ చేసింది.

ఐరావతమ్మ పగలబడి నవ్వింది. "సాకు చెప్పకుండా నా ఫోను ఇంతవరకూ ఎవరూ కట్టెయ్యలేదే! సరే, జంబన్నను తీసేసి మీ మేత అడగడానికి మంచివాణ్ణి ఇంకొకణ్ణి పంపనా?"

"వద్దు. మంచివాడైనా మా బదులు నొక్కేవాడు మాకొద్దు. నేర్పేవాళ్లు కావాలి. వాళ్లను మేమే ఎంచుకుంటాం. ఆ డబ్బు ఈ దొడ్డికే రావాలి, దాన్ని ఆపొద్దు. మేం ముసలివాళ్లమే. అయితే ఏం? ఆకలి మాది, మెడలో ఫోనూ మాదే."

ఐరావతమ్మ తొండం ఊపింది. "అలాగే కానివ్వండి" అంది. ఇచ్చిన డబ్బేమైందో ఆరా తీసి, జంబన్న కూలర్ అమ్మించి ఆ డబ్బు దొడ్డికి చేర్పించింది. మధ్యాహ్నం పూట కొట్టంలో కాకి పాఠాలు మొదలయ్యాయి.

మళ్లీ లారీ వచ్చిన రోజు జంబన్న అలవాటుగా ఖాళీ బండితో వచ్చి నిలబడ్డాడు. కొమ్ములయ్య తొలిసారి సొంతంగా నొక్కిన ఫోను అది. తలుపు తెరిస్తే లోపల కోళ్ల దాణా!

"చూశారా?" అని జంబన్న ఎగిరి గంతేశాడు. "అందుకే నేనుండాలన్నాను!"

కొమ్ములయ్య దాణా బస్తా చింపి మూతి లోపల పెట్టి, గింజలు పటపట నమిలాడు.

"తప్పు నొక్కింది నేను, తింటున్నదీ నేనే" అన్నాడు. "నీకేంటి నొప్పి? బండి తిప్పుకో."

జంబన్న ఖాళీ బండి లాక్కుంటూ కొండెక్కాడు.

నీకు చేతకాదని ఎవరైనా పదే పదే అంటుంటే, నీకు చేతకాకపోతే వాడికేం మిగులుతుందో ముందు చూడు.