నీళ్ళు మానేసిన కాపలావాడు

ఏడు గుట్టల నడుమ మబ్బువాక అనే అడవి ఉండేది. ఆ అడవిలో చుక్కల దుప్పులు, నెమళ్ళు, కుందేళ్ళు, అడవిపందులు, కొండముచ్చులు కలిసి బతికేవి. ఒక చిరుతపులి కూడా ఉండేది. అది ఎప్పుడు ఎక్కడుంటుందో ఎవరికీ తెలియదు. ఉందని మాత్రం అందరికీ తెలుసు.

అడవి మధ్యలో ఒక మడుగు. పొద్దున్నే దాని మీద సన్నగా ఆవిరి తేలేది. ఆ ఆవిరిలోంచి దుప్పులు నడిచి వస్తుంటే వాటి కాళ్ళు నేల మీద ఉన్నాయో, గాలిలో ఉన్నాయో తెలిసేది కాదు. నెమలి తోక ఈడ్చుకుంటూ పోయిన చప్పుడు కూడా అక్కడ వినిపించేది. అంత నెమ్మదైన చోటు.

కానీ పిల్లలూ, నీళ్ళు తాగాలంటే తల వంచాలి. తల వంచితే చుట్టూ ఏముందో కనబడదు. చిరుతకు కావలసింది అదే. అందుకని దుప్పులూ కొండముచ్చులూ తాతల నాడే ఒక ఒప్పందం చేసుకున్నాయి. మడుగు గట్టున ఉన్న మద్దిచెట్టు మీద ఒక కొండముచ్చు కాపలా ఉండాలి. చిరుత కనబడితే గట్టిగా కేక వెయ్యాలి. దానికి బదులుగా, అడవిలో ఎక్కడ చిరుత వాసన తగిలినా దుప్పులు వచ్చి కొండముచ్చులకు చెప్పాలి. అందరూ తాగి వెళ్ళాక, కాపలావాడు చివరగా దిగి తాగాలి. అదీ పద్ధతి.

ఆ ఏడాది కాపలా చిటారు అనే కొండముచ్చుది. చిటారుకు చూపు చాలా దూరం ఆనేది. గొంతు గుట్ట దాటి వినిపించేది. మంచివాడే. పొగిడితే మాత్రం కరిగిపోయేవాడు.

రోహిణి కార్తె వచ్చింది. రోళ్ళు పగిలే ఎండలంటారే, ఆ ఎండలు. మడుగు కుంచించుకుపోయి సగమైంది. ఒక సాయంత్రం అందరూ తాగి, గట్టున మేతకు జరిగాక చిటారు చెట్టు దిగి వచ్చాడు. అప్పటికే అడవిపందులు పొర్లి పొర్లి నీళ్ళను బురద చేసి పోయాయి. చిటారు వేలు ముంచి చూసుకున్నాడు. మూతి ముడిచి, తాగకుండానే చెట్టెక్కేశాడు.

అది పొన్న అనే ఆడదుప్పి చూసింది. పొన్నకు జాజి అనే చిన్న కూన ఉంది. ఆ కూన కోసమే ఆమె రోజూ బెదురుతూ నీళ్ళకు వచ్చేది.

"చూశారా, మన చిటారన్న నీళ్ళు కూడా ముట్టకుండా కాపలాకు వెళ్ళిపోయాడు," అంది పొన్న. "మన కోసమే."

ఆ మాట మడుగు చుట్టూ తిరిగింది. దుప్పులు తలలెత్తి చూశాయి. నెమళ్ళు మెడలు చాచాయి. "మన కోసం నోరు కట్టుకున్నాడు," అనుకున్నాయి అన్నీ. చిటారు అవునని అనలేదు. కాదని కూడా అనలేదు. అక్కడే తప్పు జరిగింది.

మర్నాడు పొద్దున దుప్పులన్నీ చెట్టు కింద నిలబడి అతనికి తల వంచి మరీ మడుగు దగ్గరకు వెళ్ళాయి. పొగిడి మునగచెట్టు ఎక్కించడం అంటారు కదా. ఆ అడవిలో మునగచెట్టు లేదు, మద్దిచెట్టు ఉంది. చిటారు దాని పైకొమ్మ మీద కూర్చుని, ఇక దిగడానికి మొహం చెల్లక అక్కడే ఉండిపోయాడు. ఇప్పుడు దిగి నీళ్ళు తాగితే నిన్నటి గొప్ప పోతుందని అతని భయం.

అదే చెట్టు కింది కొమ్మల్లో తునికమ్మ అనే కొండముచ్చు ఉండేది. ఆమె పొట్టను కరుచుకుని ఒక పసిబిడ్డ ఉండేది. తునికమ్మ పొద్దున ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి, పొద్దువాలాక ఒకసారి దిగి నీళ్ళు తాగేది. ఎవరేమనుకున్నా ఆగేది కాదు.

"ఎన్నిసార్లు దిగుతావక్కా నీళ్ళకి?" అని నవ్వాడు చిటారు. "నాకు చూడు, ఆకులు చాలు. ఆకుల్లో మాత్రం నీళ్ళుండవా?"

"చిగుళ్ళున్న రోజుల్లో ఉంటాయి తమ్ముడూ," అంది తునికమ్మ. "ఇప్పుడు ఆకుల్ని నలిపితే పొడి రాలుతోంది. ఎండ మన ఒంట్లోంచి రోజూ నీళ్ళు పట్టుకుపోతోంది. పోయింది పోయినట్టు తిరిగి పొయ్యకపోతే ఒళ్ళు నడవదు."

"నాకు దాహమే వెయ్యడం లేదు."

"దాహం వేసేదాకా ఆగితే అప్పటికే ఆలస్యమైనట్టు. నేను పాలిచ్చేదాన్ని, నాకు తెలుసు."

చిటారు మొహం తిప్పుకుని దూరంగా చూశాడు. కాపలా కాస్తున్నవాడిని కదిలించకూడదని పద్ధతి. ఆ పద్ధతి అతనికి బాగా పనికొచ్చింది.

రెండో రోజు అతనికి తల దిమ్ముగా అనిపించింది. మూడో రోజు నోరు పిడచకట్టుకుపోయింది. పొట్ట రాయిలా బిగిసింది. మూత్రం పసుపు కలిపిన నీళ్ళలా అయింది, అదీ రెండు చుక్కలే. ఒళ్ళు చెప్పే మాటలు అవే పిల్లలూ. ఒళ్ళు గట్టిగా అరవదు, ఇలాగే నెమ్మదిగా చెబుతుంది. చిటారు వినలేదు. కింద పొన్న తన కూనకు అతన్ని చూపిస్తూ, "అదిగో, మావయ్య ఉన్నాడు, భయం లేదు, తాగు," అంటుంటే అతనికి అదే నీళ్ళు తాగినట్టు ఉండేది. పాపం, నాకు అతని మీద కోపమూ వస్తుంది, జాలీ వేస్తుంది.

నాలుగో రోజు నుంచి అతనికి చిత్రమైన సంగతులు కనబడసాగాయి.

మధ్యాహ్నం గాలి ఆగిపోయేది. అడవంతా సన్నగా వణికేది. చిటారు చూస్తుండగానే గడ్డిమైదానం చెరువైపోయేది. చెట్లు అందులో తేలేవి. పక్షులు ఈదుకుంటూ కొమ్మల మధ్య తిరిగేవి. ఎండుటాకు రాలితే అది చేపలా వంకరగా కిందికి పోయేది. చిటారు కాళ్ళు ఊపితే వేళ్ళకు చల్లగా నీళ్ళు తగిలినట్టుండేది. ఎక్కడో చాలా దూరంలో వాన పడుతున్న చప్పుడు వినిపించేది. అతనికి హాయిగా ఉండేది. కాపలా కాస్తున్నానని కూడా మరిచిపోయేవాడు.

"ఏం చూస్తున్నావు తమ్ముడూ?" అని అడిగింది తునికమ్మ ఒకరోజు.

"వరద," అన్నాడు చిటారు మెల్లగా. అతని గొంతు ఎండుటాకు మీద పురుగు పాకినట్టుంది.

తునికమ్మ చటుక్కున లేచింది. ఆమె కిందికి దిగి ఒక పెద్ద ఆకును దొన్నెలా మడిచి, నీళ్ళు తీసుకుని పైకి వచ్చింది. సగం దారిలోనే ఒలికిపోయాయి. మిగిలిన గుక్కెడు అతని మూతి దగ్గర పెట్టింది.

కింద దుప్పులు చూస్తున్నాయి. చిటారు వాటిని చూశాడు. దొన్నెను చేత్తో తోసేశాడు. ఆ గుక్కెడు నీళ్ళూ బెరడు మీద పడి క్షణంలో ఇంకిపోయాయి.

ఆ రోజు నుంచి తునికమ్మ ఒక పని చేసింది. పొన్న వాళ్ళు నీళ్ళకు వచ్చే వేళకు ముందే తను కడుపునిండా తాగి, కింది కొమ్మ చివరకు జరిగి కూర్చునేది. ఎవరూ అడగలేదు. ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఏడో రోజు మధ్యాహ్నం ఎండ మరీ తెల్లగా ఉంది. దుప్పులు ఒక్కొక్కటే మడుగు దగ్గరకు వచ్చాయి. పైకి చూశాయి. చిటారు కూర్చునే ఉన్నాడు. అంతే చాలనుకుని తలలు వంచాయి. జాజి తల్లి పక్కనే ముందుకాళ్ళు బురదలో పెట్టి తాగుతోంది.

పైన చిటారుకు మళ్ళీ చెరువు కనబడింది. ఈసారి ఇంకా అందంగా ఉంది. నీళ్ళ మీద ఎండ చుక్కలు చుక్కలుగా పడుతోంది. ఆ చుక్కలు గడ్డి పొడుగునా మెల్లగా తేలుతూ మడుగు వైపు వస్తున్నాయి. ఎంత బాగున్నాయో అనుకున్నాడు. ఆ చుక్కలు ఆగాయి. మళ్ళీ కదిలాయి. వాటి వెనక ఒక తోక ఊగింది.

అప్పుడు అతనికి అర్థమైంది. నోరు తెరిచాడు.

కేక రాలేదు. నాలుక అంగిలికి అంటుకుపోయింది. గొంతులోంచి గాలి మాత్రం వచ్చింది. ఏడు రోజులుగా అందరూ నమ్మిన ఆ గొంతులో అవసరానికి ఒక చుక్క తడి లేదు. మళ్ళీ ప్రయత్నించాడు. కళ్ళు బైర్లు కమ్మాయి. చెయ్యి పట్టు తప్పింది. చిటారు పైకొమ్మ మీద నుంచి కొమ్మ కొమ్మకూ తగులుతూ కింద పొదలో పడ్డాడు.

అతను పడుతుంటే తునికమ్మ చటుక్కున తలెత్తి, అటు గడ్డి వైపు చూసింది. ఆమె గొంతు విప్పింది. ఆ కేక మడుగు మీద, మద్దిచెట్టు మీద, ఏడు గుట్టల మీద మోగింది. ఇంకోసారి వేసింది. మరోసారి వేసింది.

దుప్పులు చెల్లాచెదురుగా పరుగెత్తాయి. చిరుత దూకింది. దాని పంజా జాజి తొడ మీద గీసుకుపోయింది గానీ పట్టు దొరకలేదు. కూన తల్లి వెంట పొదల్లో పడి మాయమైంది. చిరుత ఒక్క క్షణం నిలబడింది. పైన తునికమ్మ ఆపకుండా కేకలు వేస్తూనే ఉంది. అందరికీ తెలిసిపోయాక చిరుత వేటాడదు. అది పొదలో పడి ఉన్న చిటారు వైపు ఒకసారి చూసి, మిగతా కొండముచ్చులు కూడా అరుస్తూ దిగి వస్తుంటే, విసుగ్గా వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

చిటారుకు ఒక చెయ్యి విరిగింది. కళ్ళు తెరిచేసరికి తునికమ్మ ఆకుతో నీళ్ళు అతని పెదాల మీద చుక్క చుక్కగా వదులుతోంది. అతను ఆకు మొత్తం లాక్కోబోయాడు.

"ఒక్కసారిగా వద్దు," అంది తునికమ్మ. "ఎండిన కడుపు తట్టుకోదు. కొంచెం కొంచెం తాగు."

పొద్దు వాలేసరికి అతను లేచి కూర్చున్నాడు. దుప్పులు తిరిగి వచ్చాయి. జాజి కుంటుతూ వచ్చింది. దాని తొడ మీద మూడు ఎర్రటి గీతలున్నాయి. వాటిని చూసి చిటారు తల దించుకున్నాడు.

"పొన్నా," అన్నాడు బొంగురుగా. "మొదటి రోజు నేను మీ కోసం నీళ్ళు మానలేదు. బురదగా ఉన్నాయని మానాను. నువ్వు పొగిడావు, నేను కాదనలేకపోయాను. తర్వాత దిగడానికి సిగ్గేసింది."

పొన్న జాజి వైపు తిరిగింది. తన కూన గాయాన్ని నాకుతూ ఉంది.

"నాకు నీ మీద కోపంగా ఉంది," అంది చివరకు. "నా మీద కూడా ఉంది. నోరు ఎండబెట్టుకున్నవాడిని చూసి దండం పెట్టానే గానీ, ఇతను అవసరానికి ఎలా కేక వేస్తాడని ఆలోచించలేదు. మాకు దండం పెట్టించుకునేవాడు వద్దు చిటారన్నా. కడుపునిండా నీళ్ళు తాగి కేక వేసేవాడు కావాలి."

ఆ సాయంత్రమే ముసలి దుప్పులూ ముసలి కొండముచ్చులూ కూర్చుని తాతల నాటి పద్ధతిని మార్చాయి. ఇక నుంచి కాపలావాళ్ళే ముందు తాగాలి. ఎండ ముదిరాక దిగి మళ్ళీ తాగాలి. పైకొమ్మ కాపలా తునికమ్మకు ఇచ్చాయి. అడవిలో లేత చిగుళ్ళు ఎక్కడ కనబడినా ముందు తునికమ్మకూ ఆమె బిడ్డకూ తెచ్చిపెట్టాలని కూడా అనుకున్నాయి. చిటారును కాపలా నుంచి తీసేద్దామని కొందరన్నారు. వద్దంది తునికమ్మ. అతనికి కింది కొమ్మ దొరికింది. అతని గొంతు మునుపటిలా మళ్ళీ ఎప్పటికీ మోగలేదు. విరిగిన చెయ్యి వంకరగానే అతుక్కుంది.

మర్నాడు పొద్దున ఆవిరి తేలుతుండగా అందరూ మడుగు దగ్గరకు వచ్చారు. తునికమ్మ ముందుగా దిగి, తీరిగ్గా తాగి, పైకొమ్మకు వెళ్ళింది. చిటారు చెట్టు మొదట్లోనే నిలబడిపోయాడు. అందరి ముందూ తాగడానికి అతనికి కాళ్ళు రావడం లేదు.

దుప్పులు తాగలేదు. నెమళ్ళు తాగలేదు. అందరికీ దాహంగానే ఉంది. ఒక్కరూ తల వంచలేదు. అందరూ అతని కోసం ఆగి ఉన్నారు.

జాజి కుంటుతూ పక్కకు జరిగి అతనికి చోటిచ్చింది.

"మావయ్యా, నువ్వు తాగితే గానీ నాకు భయం పోదు," అంది.

చిటారు వెళ్ళి తల వంచాడు. నీళ్ళలో కొంచెం బురద వాసన ఉంది. అతను ఏడుస్తూనే, కొంచెం కొంచెంగా, కడుపు నిండేదాకా తాగాడు. అతను తలెత్తాక, అడవి మొత్తం తల వంచింది.

నీతి: దాహాన్ని చంపుకోవడం గొప్ప కాదు, వేళకు చాలినన్ని నీళ్ళు తాగి ఒంటిని కాపాడుకున్నవారే పదిమందికి పనికొస్తారు.