నొప్పి తెలియని పాదాలు

"నొప్పి తెలియని స్థితి నాకెప్పుడు వస్తుంది స్వామీ?" అని త్రినాథుడు గురువుగారిని అడిగాడు. అది పుష్యమాసం. కొండ మీది ఆశ్రమంలో పొద్దెక్కినా మంచు విడవడం లేదు. చలికి అతని మడమలు పగిలి నెత్తురు చెమ్మ కనబడుతోంది. నూనె రాసుకోమని తోటివాళ్లు చెబితే, ఒళ్లు ముద్దు చేసుకోవడానికి కొండెక్కలేదని కసురుకునేవాడు. అలాగని ఆ పగుళ్లను దాచుకున్నాడా అంటే అదీ లేదు. నలుగురి కంటా పడేలా ఉత్తకాళ్లతో వాకిట్లో ఒక చుట్టు ఎక్కువే తిరిగేవాడు.

"ఈ చలికాలం గంగులు పాదాల సంగతి నువ్వు చూడు" అన్నారు గురువుగారు, అంతే.

గంగులు ఆశ్రమంలోనే ఉంటున్న ముసలివాడు. కుష్టు ఎప్పుడో నయమైంది గాని పాదాల్లో స్పర్శ మళ్లీ రాలేదు. నిప్పు తొక్కినా తెలియదు. అందుకే రోజూ సాయంత్రం పాదాలు నీళ్లలో నానబెట్టి, తడి పూర్తిగా ఆరకముందే నూనె రాసి, ఎక్కడైనా చర్మం చీలిందేమోనని వెతికి చూడాలి. ఇన్నేళ్లూ ఆ పని తనే చేసుకున్నాడు. ఇప్పుడు కళ్లకు పొరలు కమ్మాయి.

త్రినాథుడు నాలుగు రోజులు శ్రద్ధగానే చేశాడు. ఐదో రోజు, గడ్డకట్టిన కొబ్బరినూనె గిన్నెను పొయ్యి దగ్గర పెట్టబోయి ఆగిపోయాడు. తను ఏళ్లతరబడి కోరుకుంటున్న స్థితి ఈ ముసలివాడికి అడక్కుండానే దొరికింది కదా, ఇక నూనె దేనికి అనిపించింది.

"తాతా, కాళ్లు నొప్పిగా ఉన్నాయా?" అని గుమ్మంలోంచే అడిగాడు.

"నాకు నొప్పేటి బాబూ? నీ కంటికి అవుపించిందే నా నొప్పి" అన్నాడు గంగులు.

ఆ మాటలో త్రినాథుడికి మొదటి సగమే చెవికెక్కింది. ధ్యానానికి వెళ్లిపోయాడు. అలా పన్నెండు రోజులు గుమ్మంలోంచి అడగడం, లేదనిపించుకుని వెళ్లిపోవడం.

పదమూడో రోజు గదిలో వాసన వేసింది. దుప్పటి తీసి చూస్తే మడమ పగులు ఎముకదాకా దిగింది. డోలీ కట్టి కొండ దించారు. దారి పొడుగునా గంగులు గురువుగారితో ఒకటే మాట. "బాబుని ఏటీ అనకండి సామీ. రోజూ అడిగినాడు, నొప్పుందా అని. నేనే లేదన్నాను." డోలీ మోస్తున్న త్రినాథుడికి ఆ ముసలివాడు తనను తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

పట్నం ఆసుపత్రిలో ఆ కాలు మోకాలి కిందికి తీసేశారు. మాఘం సగమయ్యాక గంగులును మళ్లీ కొండ మీదికి తెచ్చారు. చలి మాత్రం తగ్గలేదు. త్రినాథుడికి తిండి సయించలేదు, జపంలో మనసు నిలవలేదు. కళ్లు మూసుకుంటే తను తీసి చూడని దుప్పటే కనబడుతోంది. ఆ తప్పు ఏం చేస్తే దిద్దుకోవచ్చో అతనికి తెలియదు. ఏం చేసినా దిద్దుకోలేనని మాత్రం తెలుసు.

ఒక సాయంత్రం వెళ్లి గురువుగారి ముందు కూలబడ్డాడు. "నొప్పిగా ఉంది స్వామీ. భరించలేకపోతున్నాను."

గురువుగారు లేచి నూనె గిన్నె తెచ్చి అతని చేతిలో పెట్టారు.

"ఉండనీ. గంగులుకు ఇంకో కాలుంది."