నక్క సేనాపతి కుంటికాలు

వెదురడవిని ఏలే పులులు ఆ అడవివి కావు. ఎప్పుడో ఉత్తరాది మంచుకొండల నుంచి దిగివచ్చి, పెద్ద గుహ ఆక్రమించి, ప్రతి జంతువూ తోకకి గడ్డిజడ అల్లుకోవాలని శాసనం చేశాయి. జడ ఉంటే ప్రజ, లేకపోతే ఫలహారం. తోక ఉందో లేదో తెలియని కుందేళ్ళు కూడా తంటాలుపడి అల్లుకునేవి. పులులేమో తరాలుగా గుహలో తిని పడుకుని పరుగు మరిచిపోయాయి.

ముసలిరాజు పోయాక గద్దెమీద పాలు మరవని పులికూన కూర్చుంది. పెత్తనమంతా తల్లిపులిది. ఆమెకు నక్క సేనాపతి అంటే భయం. తోడేళ్ళ దండు మొత్తం దాని మాటే వింటుంది మరి. అందుకని ఒకరోజు నిండుకొలువులో, "సేనాపతీ, నీకు కాలు బాగున్నట్టు లేదు. ఇంటికెళ్ళి విశ్రాంతి తీసుకో," అంది.

నక్క కాళ్ళు నాలుగూ దిట్టంగా ఉన్నాయి. అయినా దణ్ణం పెట్టి, గుమ్మం దాకా కుంటుకుంటూ పోయి, వాగొడ్డున చేపలు పట్టుకుంటూ కూర్చుంది.

కొన్నాళ్ళకు దక్షిణపు గట్టున అడవిదున్న తన గడ్డిజడ తెంపి పారేసింది. దాన్ని చూసి దుప్పులు, పందులు, చివరికి కుందేళ్ళూ పారేశాయి. రాజే వద్దు, మనలో ఒకరిని మనమే పెద్దగా పెట్టుకుందాం అన్నాయి. వాటిని అణచమని గుహనుంచి ఆజ్ఞ వస్తే, సేనాపతి రాకుండా కదలం అన్నాయి తోడేళ్ళు.

తల్లిపులి నక్కకు కాకితో కబురు పెట్టింది.

"రావాలనే ఉంది," అంది నక్క, చేపముల్లు తీసుకుంటూ. "మహారాణిగారే చెప్పారు కదా, కాలు బాగాలేదని. ఇంకా తగ్గలేదు."

"ఏం చేస్తే తగ్గుతుంది?" అంది కాకి.

"దండంతా నా చేతికిస్తే కాస్త తగ్గుతుంది. మంత్రి పదవి కూడా ఇస్తే నడవగలనేమో."

తల్లిపులి రెండూ ఇచ్చింది. నక్క తోడేళ్ళతో వచ్చి, తిరగబడ్డవాళ్ళను ఒక్క దెబ్బ కొట్టి ఆగింది. ఆగి, దున్న దగ్గరికి వెళ్ళింది.

"దున్న బావా, ఇంకో దెబ్బ కొడితే మీరుండరు. కొట్టకపోతే నాకేంటి?"

దున్న గాయం నాకడం ఆపి తలెత్తింది. "పులిని దింపు. పెద్దరికం నీకే ఇస్తాం. రాజువి మాత్రం కాకూడదు."

"ఛ, ఆ మాటే ఎత్తకు," అంది నక్క.

అక్కణ్ణించి తిన్నగా గుహకి వచ్చింది. "మహారాణీ, వాళ్ళు గుమ్మం దాకా వస్తే బిడ్డ దక్కడు. నేనొక ఒప్పందం కుదిర్చాను. బాబుకి రాజనే పేరుంటుంది, గుహ ఉంటుంది, పూటపూటా తిండి వస్తుంది. అడవి సంగతి మాత్రం మేం చూసుకుంటాం."

"బాబు రాజేగా?"

"రాజే. గుహలో."

తల్లిపులి ఏడ్చింది. అది నటన కాదు, నిజంగానే ఏడ్చింది. కూన ఆమె తోకతో ఆడుకుంటూ ఉంది. దాన్ని ఒక పంజాతో దగ్గరికి లాక్కుని, రెండో పంజా తడిమట్టి మీద వేసి ముద్ర ఇచ్చింది. నక్క చకచకా గుమ్మం వైపు నడిచింది.

"నీ కాలు ఎలా ఉంది, సేనాపతీ?" అంది తల్లిపులి వెనకనుంచి.

"మీ దయవల్ల పూర్తిగా నయమైంది."

బయట అడవంతా గంతులేస్తోంది. దున్న కూడా సంబరపడుతూ వచ్చేసరికి, నక్క రాతిగద్దె ఎక్కి కూర్చుని తోడేళ్ళను పచ్చగడ్డి కోసుకురమ్మంటోంది.

"గడ్డి ఎందుకు బావా?"

"జడలకి," అంది నక్క.

ఇందులో తెలుసుకోవలసింది ఒక్కటే: నక్కను ఎవరి అవసరానికి పిలిచినా, అది వచ్చేది తన అవసరానికే.