వకీలు గరుడాచలం గారి మెయిలు

లంకతోటలో సెల్లు టవరు లేచిన ఏడాదికి జంతువులకు కూడా ఈమెయిళ్ళు రావడం మొదలైంది. ఎలా వచ్చాయని అడక్కండి, మనుషులకి వస్తే లేని అభ్యంతరం వాటికి వస్తేనే ఎందుకు? ఎవరి ఫోను వాళ్ళది, ఎవరి మెయిలు వాళ్ళది. ఇరుగుపొరుగు మాటలు మాత్రం బాగా తగ్గాయి.

ఆ తోటలో ఉడుత మంగతాయారు మహా జాగ్రత్తపరురాలు. వేసవంతా చేల వెంట తిరిగి, నోట కరిచి తెచ్చిన వేరుశనక్కాయలన్నీ తాటిచెట్టు తొర్రలో దాచింది. ముసురు పట్టిందంటే లంకలో రోజుల తరబడి గింజ దొరకదు. ఇంట్లో కళ్ళు తెరిచి నెల తిరగని పిల్లలు మూడు. వాటి ప్రాణాలన్నీ ఆ తొర్రలోనే ఉన్నాయి.

ఒకరోజు పొద్దున్నే మెయిలొచ్చింది.

"శ్రీమతి ఉడుత గారికి, నల్లమలలో ఉడుత జమీందారు గారు వారసులు లేకుండా కాలం చేశారు. కొమ్మ నుంచి కొమ్మకు దూకే మీ వంశానికే వారి వంద బస్తాల జీడిపప్పు చెందాలి. కాగితాల ఖర్చుకు గంపెడు కాయలు రేపు సాయంత్రం లోపు పాత తూములో పెట్టండి. ఎవరికీ చెప్పకండి, చెబితే దాయాదులు దావా వేస్తారు. ఇట్లు, వకీలు గరుడాచలం."

నల్లమలలో తనకి బంధువులున్నారో లేదో తాయారుకి తెలీదు. లేరని మాత్రం ఎవరన్నారు? కాలవగట్టు కింద ఉన్న ఆ తూముకి అవతలి మూతి ఒండ్రుతో ఎప్పుడో పూడిపోయింది, అటు ఎవరూ పోరు. తాయారు ముప్పైసార్లు తిరిగి గంపెడు కాయలు అందులో పోసింది.

మర్నాడు అడవి పన్ను అన్నాడు వకీలు. ఆ మర్నాడు తూకం ఖర్చన్నాడు. ఇక నావల్ల కాదని రాస్తే, "అలాగైతే ఇంతవరకు కట్టింది కూడా పోతుంది, మీ ఇష్టం" అని జవాబొచ్చింది. నిండా మునిగాక చలేమిటని తాయారు తెగించింది. నాలుగోరోజుకి తొర్ర అడుగు కనబడింది. ఇక ముద్ర రుసుము ఒక్కటే మిగిలిందని రాశాడు వకీలు.

మబ్బు కమ్ముతోంది. తాయారు మిగిలిన కాయలు ఆకులో మూట కట్టుకుని బయల్దేరింది. గట్టు మలుపులో ఎద్దు పుల్లయ్య ఎదురయ్యాడు. అతని కొమ్ముకి తెలకపిండి మూట వేలాడుతోంది.

"ఎక్కడికి బాబాయ్, మూటతోటి?"

"ఊరికే, గాలికమ్మా. నువ్వో?"

"నేనూ గాలికే."

గాలికి బయల్దేరిన ఇద్దరూ మూటలు పక్కకి తిప్పుకుని, అవతలివాళ్ళు ముందు కదిలితే బాగుండునని నిలబడిపోయారు.

అప్పుడే కరెంటు స్తంభం మీద నుంచి కాకి సూరమ్మ అందుకుంది. కాకిజాతి సంగతి తెలిసిందే, ఎంగిలి మెతుకు దొరికినా పదిమందిని కేకేయందే ముట్టదు. వంద బస్తాలు దొరికాక ఊరుకుంటుందా?

"రండర్రా, రండి. నల్లమలలో కాకి జమీందారు పోయాడంట. వంద బస్తాల జీడిపప్పు నాకేనంట. ఎవరికీ చెప్పొద్దని రాశాడు గానీ, పిలవకుండా తినడం మా ఇంటా వంటా లేదు. వినండి."

సూరమ్మ గొంతెత్తి మెయిలంతా చదువుతూ, "కొమ్మ నుంచి కొమ్మకు దూకే మీ వంశానికే" అన్నచోట ఆగింది. "ఇదేంటి? మేం ఎగురుతాం గదా?"

పుల్లయ్య మూట కిందికి దించాడు. "నాకూ అలాగే రాశాడు."

"నువ్వు ఎద్దువి గదా బాబాయ్. నువ్వు కొమ్మలెక్కడమేంటి?" అంది తాయారు.

"మా తాతలెక్కేవాళ్ళేమో అనుకున్నానమ్మా. వంద బస్తాలన్నాక మిగతాది ఎవరు చదువుతారు?"

పొదల్లోంచి బాతు గొంతు సవరించుకుంది. ముంగిస దగ్గింది. అందరికీ అదే మెయిలు. అందరికీ అదే వకీలు. తాయారుకి సిగ్గుతో ఒళ్ళంతా మండిపోయింది. అయినా నోరు విప్పింది.

"నేను మూడుసార్లు పోశానత్తా. ఇది నాలుగోది."

"నాలుగు రోజుల్నుంచి ఒక్కమాట చెబితే నోట్లో ముత్యాలు రాలిపోతాయా?" అంది సూరమ్మ.

"ఆశపడ్డానని నవ్వుతారనుకున్నాను."

"నవ్వుతాం. నవ్వితే నీ సొమ్మేం పోద్ది? కాయలు దక్కేవి."

అందరూ కలిసి తూము దగ్గరికి వెళ్ళి చూస్తే నాలుగు తొక్కలు తప్ప ఏమీ లేవు. ఆ సాయంత్రమే ముసురు పట్టింది.

రెండు రోజులు గడిచాయి. మిగిలిన మూట సగమైంది, పిల్లలు ఆకలికి చెవులు చిల్లులు పడేలా అరుస్తున్నాయి. అప్పుడు ఇంకో మెయిలొచ్చింది.

"మోసపోయినవారి సొత్తు రాబట్టే అధికారిని. మీ కాయలు మూడు గంపలూ దొరికాయి. విడుదల ఖర్చుకి గుప్పెడు కాయలు రేపు పొద్దున తూములో పెట్టండి. దొంగలు పసిగడతారు, ఎవరితోనూ అనకండి."

తాయారు దాన్ని పదిసార్లు చదివింది. మొదటిసారి చూపింది ఎవరిదో జీడిపప్పు, ఇప్పుడు చూపుతున్నది తన కాయలు. అందుకే ఈసారి ఆశ మరీ గట్టిగా పట్టుకుంది. నిజమైతే? గుప్పెడే గదా? మూటలో చెయ్యి పెట్టింది. చెయ్యి బయటికి తీసి, వానలో తడుస్తూనే స్తంభమెక్కింది.

"అత్తా, ఇది కాస్త చూడు. నాకు నమ్మబుద్ధేస్తోంది, అందుకే తెచ్చాను."

సూరమ్మ చదివి, పుల్లయ్యని పిలిచింది. "తెస్తున్నానని రాసెయ్," అంది తాయారుతో.

మర్నాడు పొద్దున తూములోకి దూరి, గుప్పెడు కాయల కోసం కాచుక్కూచుంది నక్క. కాసేపటికి లోపల చీకటి పడింది. ముసురు ముదిరిందేమో అనుకుంది గానీ, మూతికి అడ్డంగా పుల్లయ్య పడుకుని నెమరేస్తున్నాడు.

"ఎవరది? తప్పుకోండి."

"గరుడాచలం గారా? లేవాలనే ఉందండి. లేవడానికి ముందు కాస్త ఖర్చవుతుంది."

నక్కకి సంగతి అర్థమైంది. కాసేపు గింజుకుంది, కాసేపు ఏడ్చింది. మధ్యాహ్నానికి దారికొచ్చింది. "సగం అవతలి ఒడ్డు పందులకి అమ్మేశాను. మిగతాదంతా మోటారు షెడ్డు వెనక గోతిలో ఉంది, తీసుకోండి."

సూరమ్మ వెళ్ళి చూసి, ఉందని కేకేసింది. ఎవరి వంతు వాళ్ళు మోసుకుపోయారు. తాయారుకి మూడు గంపల్లో గంపన్నరే దక్కింది. పిల్లలకి పూటకి ఒక్కో గింజ తగ్గించి పెడితే ముసురు గట్టెక్కొచ్చు. మూడూ బతుకుతాయని తేలాక దానికి ఏడుపాగలేదు.

"ఇచ్చేశానుగా, ఇక లే," అంది లోపలి గొంతు.

"అందింది బాబూ," అన్నాడు పుల్లయ్య తీరిగ్గా. "అది కాగితాల ఖర్చు. అడవి పన్ను, తూకం ఖర్చు, ముద్ర రుసుము ఇంకా మిగిలే ఉన్నాయి."

నీతి: ఎవరికీ చెప్పొద్దన్న లాభాన్ని ముందు పదిమందికీ చెప్పాలి.