ఎర్రప్పడి తలలో చోటు

ఎర్రప్పడి లాంటి జ్ఞాపకం ఏడు రాజ్యాల్లో లేదు; ఉందన్నవాణ్ణి నా ముందుకు తీసుకురండి! నాలుగు దారుల కూడలిలో కబురు చావడి వాడిది. ఒక దారిన వచ్చిన కబురు తలలో దాచుకుని, సరైన దారిన పోయే బంటుకు అప్పజెప్పేవాడు. ఒకేసారి ఏడువందల కబుర్లు! కబురు పంపినవాడు మధ్యలో తుమ్మితే, ఆ తుమ్మును కూడా పోనిచ్చేవాడు కాదు.

కొత్త దివాను నరహరి పంతులుకు అనుమానం పుట్టింది. "వాడి తల నిండిపోతే రాజ్యం ఏం కాను? కనిపెట్టి ఉండాలి" అని ఒక భటుణ్ణి పక్కన నిలబెట్టాడు. వాడు ఘడియకు పదిసార్లు "తలలో ఎన్నున్నాయిరా?" అనడం, ఎర్రప్పడు జవాబివ్వడం. ఆ ప్రశ్నలూ జవాబులూ కూడా ఎర్రప్పడే గుర్తుపెట్టుకుని వారం చివర దివానుకు పొల్లుపోకుండా ఒప్పజెప్పాలి.

మూడో రోజు రాజుగారి అత్తగారు కోటకొచ్చారు. ఎదురెళ్ళినవాడే లేడు. ఆవిడ వస్తున్న కబురు చావడిలోనే జారిపోయింది!

"వీడి తల తీయించండి!" అన్నాడు రాజు.

"తీసేముందు అందులో ఏముందో వినండి దొరా," అన్నాడు ఎర్రప్పడు. "'ఎన్నున్నాయి?' 'పది.' 'ఇప్పుడో?' 'పదకొండు.' ఆ పదకొండోది దివానుగారి ప్రశ్నే! ఇలా ఆరువందల తొంభై ప్రశ్నలు కూర్చున్నాయి. అత్తగారికి చోటెక్కడిది? అన్నం ఉడికిందా అని ఎవరైనా ఒక్క మెతుకు పట్టి చూస్తారు. పంతులుగారు కుండంతా పిసికేశారు!"

రాజు ఫక్కున నవ్వి తీర్పిచ్చాడు: అత్తగారు అలిగిన కారణాలన్నీ దివానే విని, గుర్తుపెట్టుకుని, ఒప్పజెప్పాలి.

ఆవిడ ఇంకా మొదటి కారణం దగ్గరే ఉండగా పంతులు కళ్ళు తేలేశాడు.

"ఎర్రప్పా, నీ తలలో కాస్త చోటుందా నాయనా?"